మువ్వల వయస్సు

గీతం, వాద్యం, నృత్యం - ఈ మూడింటి కలయికనే మన లాక్షణికులు సంగీతమన్నారు. ఈ మూడింటిలో నృత్యానికి ఒక ప్రత్యేకత ఉంది. వైణికుడు తన వీణను గవిసెనలో పెట్టి, రెండేళ్ల తరువాత తీసి, తంత్రులను మళ్ళీ శ్రుతి చేసుకోవచ్చు. వీణ పెరగదు, బరువెక్కదు. నర్తకికి వాద్యం ఆమె శరీరమే. అది ఏటేటా మారుతూ ఉంటుంది. అందువల్ల నృత్యాన్ని ఏ వయస్సులో మొదలుపెట్టాలన్న ప్రశ్నకు ఎంత ప్రాధాన్యం ఉందో, ఏ వయస్సులో ఆపకూడదన్న ప్రశ్నకూ అంతే ప్రాధాన్యం ఉంది. మొదటి ప్రశ్నను తల్లిదండ్రులందరూ అడుగుతారు. రెండవదాన్ని అడిగేవారు అరుదు. విశాఖపట్నంలో చాలా ఏళ్లుగా ఇంటర్మీడియట్ విద్యార్థులకు తెలుగు బోధిస్తున్న నన్ను ఒకరు ఆ ప్రశ్న అడిగారు. నేను తప్పు సమాధానం చెప్పాను. ఆ సంగతి తరువాత చెబుతాను.

సాయంకాలం ఐదు గంటలు దాటాక ఎం.వి.పి. కాలనీలోనో, గాజువాకలోనో, ఉక్కునగరంలోనో ఒక వీధి వెంట నడిచి చూడండి. ఏదో ఒక మేడమీది గదిలో నుంచి కర్రపలకపై తాళం వేస్తున్న చప్పుడు, దాన్ని అనుసరించే పాదాల చప్పుడు వినిపిస్తాయి. అది కూచిపూడి కావచ్చు, భరతనాట్యం కావచ్చు. రెండు వీధుల అవతల అపార్ట్‌మెంటు సెల్లారులో స్పీకరు పెట్టుకొని కొందరు బాలురు పాశ్చాత్య నృత్యం అభ్యసిస్తూ ఉంటారు. కథక్, ఒడిస్సీ నేర్చుకొనే పిల్లలు కూడా ఈ నగరంలో ఉన్నారు.

ఒక్క నగరంలో ఇన్ని రీతులు కనిపించడానికి కారణం దాని చరిత్రలోనే ఉంది. 1933లో ఇక్కడ నౌకాశ్రయం ప్రారంభమైంది. తరువాత తూర్పు నౌకాదళానికి ఇది ప్రధాన స్థావరమైంది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. ఈ మూడూ దేశం నలుమూలల నుంచి కుటుంబాలను విశాఖకు తెచ్చాయి. ఒడిశా నుంచి వచ్చిన తల్లి తన కూతురికి ఒడిస్సీయే రావాలని కోరుకుంటుంది. నౌకాదళ ఉద్యోగుల పిల్లల సంగతి ఇంకా చిత్రమైనది. తండ్రి బదిలీల వెంట ముంబయి, కొచ్చి, విశాఖ తిరుగుతూ, కథక్‌తో మొదలుపెట్టి, మోహినీయాట్టం రుచి చూసి, చివరకు కూచిపూడి దగ్గర నిలిచినవారు నా తరగతుల్లోనే ఉన్నారు. మాటకు యాస ఉన్నట్లు వారి అడుగుకూ యాస ఉంటుంది. చూడనేర్చిన కంటికి అది తెలుస్తుంది.

అయినా నృత్యం ఈ ప్రాంతానికి ఓడలెక్కి వచ్చినది కాదు. సింహాచల క్షేత్రంలో 96 నల్లరాతి స్తంభాల నాట్యమండపం ఉంది. ఒకనాడు ఆలయాల్లో నృత్యసేవ చేసిన స్త్రీల చేతిలోనే ఈ విద్య చాలాకాలం నిలిచింది. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ సమర్పణ నిషేధ చట్టాన్ని చేసింది. ఆ చట్టం అవసరమైనదే. కాని దురాచారంతోపాటు ఆ స్త్రీలు తరతరాలుగా కాపాడిన విద్య కూడా నిరాదరణకు గురైంది. డాక్టర్ నటరాజ రామకృష్ణ (1923-2011) తెలుగునాట వయస్సు మళ్ళిన అటువంటి కళాకారిణుల ఇళ్ళకు వెళ్ళి, వారి వద్ద మిగిలిన విద్యను సేకరించి, ఆంధ్రనాట్యంగా పునరుద్ధరించారు. రామప్ప ఆలయ శిల్పాలనూ నృత్తరత్నావళినీ ఆధారం చేసుకొని పేరిణి శివతాండవానికి మళ్ళీ రూపం కల్పించినదీ ఆయనే.

నృత్తరత్నావళి ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. దాన్ని రచించిన జాయప సేనాని కాకతీయ గణపతిదేవుని గజసాహిణి. ఏనుగుల దళానికి అధిపతి అయినవాడు పాదాల కదలికపై శాస్త్రం రాశాడన్న సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటగా ఉంటుంది. 13వ శతాబ్ది నడిమి కాలానికి చెందిన ఆ గ్రంథంలో ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగింటిలో మార్గ నృత్యం, తక్కిన నాలుగింటిలో దేశి నృత్యం. అంటే శాస్త్రం విధించిన నాట్యానికి సగం, ఆయా ప్రాంతాల ప్రజలు ఆడుకొనే నాట్యానికి సగం. ఈనాడు పిల్లవాణ్ణి శాస్త్రీయంలో చేర్చాలా, పాశ్చాత్యంలో చేర్చాలా అని వాదించుకొనే తల్లిదండ్రులకు ఈ లెక్క తెలిస్తే బాగుండును. హిప్‌హాప్ 1970లలో న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ ప్రాంతపు వీధుల్లో పుట్టింది. అందులోని బ్రేకింగ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పోటీగా ప్రవేశించింది. జాయప నేడు ఉండి ఉంటే దాన్ని కూడా దేశి ప్రకరణంలో చేర్చి ఉండేవాడని నా నమ్మకం. నా అభ్యంతరం ఏ రీతిమీదా లేదు. పోటీ కోసం పదిహేను రోజుల్లో ఒక సినిమా పాట నేర్పి, పదహారవ రోజున దాన్ని మరిపించే తరగతులమీదనే ఉంది.

ఇక కూచిపూడి. కృష్ణాజిల్లా మొవ్వ మండలంలోని ఒక గ్రామం పేరు ఒక నాట్యరీతికి పేరయింది. సిద్ధేంద్రయోగి భామాకలాపాన్ని కూర్చి, ఆ గ్రామంలోని కుటుంబాల బాలురు జీవితంలో ఒక్కసారైనా సత్యభామ పాత్ర ధరించాలని మాట తీసుకొన్నాడని ఐతిహ్యం. నేర్చుకొనేవారు మగపిల్లలే. స్త్రీపాత్రలు ధరించేదీ వారే. ఈ సంప్రదాయంలో చివరి మహానటులలో ఒకరైన వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012) సత్యభామగా రంగంమీదికి వచ్చినప్పుడు ఆమె పురుషుడన్న సంగతి ప్రేక్షకులకు గుర్తుండేది కాదు.

ఆ కట్టుబాటు ఒక్కనాటిలో సడలలేదు. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి వంటి గురువులు స్త్రీలకు నేర్పడానికి ముందుకు వచ్చారు. తరువాత వెంపటి చినసత్యం (1929-2012) 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, ఏ కులంవారైనా, ఏ ప్రాంతంవారైనా, బాలికలైనా బాలురైనా నేర్చుకోవడానికి వీలుగా శిక్షణకు ఒక క్రమాన్ని ఏర్పరచారు. భుజంగరాయశర్మ రచనకు పట్రాయని సంగీతరావు స్వరం కూర్చగా ఆయన రూపొందించిన నృత్యనాటకాలు దేశవిదేశాలలో ప్రదర్శితమయ్యాయి. విశాఖలోని కూచిపూడి కళాక్షేత్రం కూడా ఆయన నెలకొల్పినదే. 2010 డిసెంబరులో హైదరాబాదులో 2,800 మందికి పైగా కళాకారులు ఒక్కసారిగా కూచిపూడి ఆడారు. ఒకనాడు ఒక్క ఊరి బాలురకే పరిమితమైన విద్య ఇది. ఈనాడు తరగతి గదిలో చూస్తే ఆడపిల్లలు ఇరవైమంది, మగపిల్లలు ఒకరో ఇద్దరో. ఆ ఒకరిద్దరిని తోటివారు ఎగతాళి చేస్తారు. సత్యనారాయణశర్మ పుట్టిన నేలమీద ఇది విడ్డూరమే.

నేర్పే పద్ధతి తెలిస్తే వయస్సుకు ఇంత విలువ ఎందుకో అర్థమవుతుంది. పిల్లలను సాధారణంగా ఏడెనిమిదేళ్ల వయస్సులో చేర్చుకొంటారు. మొదట అరమండి. మోకాళ్ళు రెండు పక్కలకూ తెరిచి, సగం కూర్చున్న భంగిమలో, వెన్ను నిటారుగా నిలపాలి. తరువాత అడుగులు. ప్రతి అడుగునూ విలంబ, మధ్య, ద్రుత కాలాలలో సాధించాలి. మొదటి కాలంలో చక్కగా వచ్చిన అడుగు మూడవ కాలంలో చెదిరిపోతుంది; చెదరకుండా నిలవడానికి నెలలు పడుతుంది. ఆపైన జతులు, శబ్దాలు. అభినయదర్పణంలోని హస్తాలు, వాటి వినియోగాలు కంఠస్థం చేయాలి. ఇత్తడి పళ్ళెం అంచుపై నిలిచి నారాయణతీర్థుల తరంగానికి ఆడటం చాలా తరువాతి మాట.

పదకొండు మొదలు పదిహేనేళ్ల వరకు శరీరం త్వరగా పొడవవుతుంది. ఎముక పెరిగిన వేగానికి కండరం సాగదు. నిన్నటిదాకా సులువుగా కుదిరిన అరమండి ఈనాడు కుదరదు. అభ్యాసం మానని పిల్లలు ఈ మార్పుకు కొద్దికొద్దిగా సర్దుకుంటారు. ఇదంతా దాటి పదహారేళ్లకు వచ్చేసరికి అసలు విద్య మొదలవుతుంది. పదేళ్ల పిల్ల సత్యభామ జడను పట్టుకొని తిప్పితే అది అనుకరణ. ముద్దుగానే ఉంటుంది. కృష్ణునికి లేఖ రాసే సత్యభామ గర్వం ఎక్కడ వంగి వేడుకోలుగా మారుతుందో ఆ పిల్లకు తెలియదు. పదహారేళ్ల అమ్మాయికి తెలుస్తుంది. క్షేత్రయ్య పదంలోని ఒకే మాటకు నాలుగు విధాల సంచారి చేయాలంటే ఆ మాటకు నాలుగు అర్థాలు తెలియాలి. అంటే తెలుగు రావాలి. మీ పాఠ్యపుస్తకానికీ గజ్జెలకూ సంబంధం కుదిరేది ఇక్కడనే. సరిగ్గా ఈ వయస్సులోనే పదవ తరగతి పరీక్షలు ముగుస్తాయి, ఇంటర్మీడియట్ మొదలవుతుంది, గజ్జెలు బీరువా పైకి చేరుతాయి.

ఆదరణ లేదని చెప్పడానికి వీలులేదు. కేంద్ర ప్రభుత్వానికి చెందిన సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను ఎంపిక చేసి విద్యార్థివేతనం ఇస్తోంది. విశాఖకు చేరువలోని విజయనగరంలో 1919లో ఏర్పడి, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడుగా వర్ధిల్లిన సంగీత కళాశాలలో ఇప్పుడు నృత్యం కూడా నేర్పుతారు. దారి ఉంది. నడిచేవారికి సాయంకాలం లేదు.

తరగతి, రుసుము, ధ్రువపత్రం ఏవీ లేకుండా నృత్యం నేర్చుకొనేవారిని చూడాలంటే అరకులోయకు వెళ్ళాలి. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఆ గిరిజన గ్రామాలలో పెళ్ళికీ చైత్రమాసపు పండుగకూ థింసా ఆడతారు. స్త్రీలు ఒకరి వెనుకగా ఒకరు చేతులు పెనవేసుకొని గొలుసులా నిలిచి, డప్పు, తుడుము, మోరీల మోతకు పాదం కలుపుతారు. గొలుసు చివర చిన్నపిల్లలు ఉంటారు. వారికి ఎవరూ నేర్పరు. పక్కవారి భుజం కదిలితే వారి కాలు కదులుతుంది. పెద్దయ్యాక కూడా వారు ఆపవలసిన అవసరం రాదు, ఎందుకంటే అక్కడ నృత్యం పండుగలో భాగం. మన నగరంలో అది దినచర్యలో ఒక గంట. గంటను తీసివేయడం సులభం.

ఇప్పుడు నా సంగతి. చాలా ఏళ్ల క్రితం ఉక్కు కర్మాగారంలో షిఫ్టు డ్యూటీ చేసే ఒక ఉద్యోగి రాత్రి విధులు ముగించుకొని, ఇంటికి పోకుండా నేరుగా మా కళాశాలకు వచ్చారు. ఆయన కూతురు మొదటి సంవత్సరం విద్యార్థిని. ఎనిమిదేళ్లుగా కూచిపూడి నేర్చుకొంటోంది. సాయంకాలం స్టడీ అవర్లు ఉన్నాయి.

“మాస్టారూ, ఈ రెండేళ్లు డాన్సు మాన్పిస్తే ఏమైనా నష్టమా? అమ్మాయి మీ మాట వింటుంది” అని అడిగారు.

“రెండేళ్లే కదండీ. విద్య ఎక్కడికి పోతుంది? దొంగలెత్తుకుపోయేది కాదుగా” అన్నాను.

అమ్మాయి నా మాట విన్నది. మంచి మార్కులే వచ్చాయి, ఇంజనీరింగులో చేరింది. ఆ వేసవి సెలవుల్లో కనిపించినప్పుడు నాట్యం మళ్ళీ మొదలుపెట్టావా అని అడిగాను.

“వెళ్ళానండీ. జతులన్నీ నోటికి వస్తున్నాయి. కాళ్ళకు రావడం లేదు” అన్నది. ఆ మాటలో ఫిర్యాదు లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

దొంగలెత్తుకుపోనిది పుస్తకవిద్య. దేహవిద్య విషయంలో ఆ సామెత పనిచేయదని ప్రాచీన సాహిత్యంలో డాక్టరేటు తీసుకున్న నాకు తెలిసి ఉండవలసింది. అప్పటి నుంచి ఏ తల్లిదండ్రులైనా అదే ప్రశ్న వేస్తే, రోజుకు గంట కుదరకపోతే వారానికి రెండు గంటలు ఉంచండి, పూర్తిగా మాన్పించవద్దు అంటున్నాను. వినేవారు వింటున్నారు.

ఆ అమ్మాయిని గురువుగారు మళ్ళీ మొదటి అడుగు నుంచి ప్రారంభించమన్నారట. ఒక సాయంకాలం అటువైపు పనిమీద వెళ్ళి, ఆ మేడమెట్లు ఎక్కి, గుమ్మం దగ్గర నిలబడి చూశాను. మూడు వరుసలలో ఎనిమిదేళ్ల పిల్లలు. వారి వెనుక, వారికంటే ఎత్తుగా, ఆమె ఒక్కతే అరమండిలో నిలిచి ఉంది. మోకాళ్ళు వణుకుతున్నాయి. గురువుగారు విలంబకాలం దాటలేదు.

ప్రశ్నలు

1. వీణకూ నర్తకి దేహానికీ రచయిత చూపిన భేదాన్ని వివరించండి.
2. విశాఖపట్నంలో పలు నృత్యరీతులు కనిపించడానికి కారణాలేమిటి?
3. కూచిపూడి నాట్యం నేర్చుకొనేవారి విషయంలో కాలక్రమంలో వచ్చిన మార్పును రాయండి.
4. “జతులన్నీ నోటికి వస్తున్నాయి. కాళ్ళకు రావడం లేదు” - సందర్భాన్ని తెలిపి వ్యాఖ్యానించండి.
5. పదవ తరగతి తరువాత మీరు గాని, మీ మిత్రులు గాని ఆపివేసిన ఒక కళను గురించి పది వాక్యాలలో రాయండి.