బండల ఫ్యాక్టరీ హోరు, చెవికి చేటు

ప్రశ్న: మాది తాడిపత్రి. మా ఆయన చాలా ఏళ్లుగా బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారు. పిలిస్తే పలుకుతారు, మాట మాత్రం సగమే అర్థమవుతుందంటారు. పరీక్ష అవసరమా?

జవాబు: అవసరమేనమ్మా. మిషన్ల హోరుకు మొదట దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ దరిదాపుల్లోని సన్నని శబ్దాల వినికిడి. అందుకే పిలుపు అందుతుంది, ‘స’, ‘త’ లాంటివి జారిపోతాయి. ఇంట్లోవాళ్లు పరధ్యానమని విసుక్కునేది చాలాసార్లు ఈ దశలోనే! షిఫ్టు దిగాక చెవిలో గుయ్‌మంటున్నా అనుమానించాల్సిందే.

అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్షలో నొప్పేమీ ఉండదు. సెలవు మర్నాడు, పనిలోకి దిగకముందే చేయించుకుంటే ఫలితం నికరంగా తెలుస్తుంది. గుబిలి అడ్డుపడినా వినికిడి తగ్గుతుంది, అలాగని నూనె పోయకండి. హోరు వల్ల పోయిన వినికిడి తిరిగి రాదు కాబట్టి పనిలో ఇయర్‌మఫ్‌లు తప్పనిసరి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.