‘నాకేమీ రాదు’ అంటున్నాడు!

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. ఆటిజం ఉంది. ఇంటర్ చదువుతున్నాడు. బస్సుల నంబర్లు, టైములు అన్నీ నోటికొచ్చు. కానీ ‘నీకేం వచ్చు?’ అనడిగితే ‘ఏమీ రాదు’ అంటాడు. రేపు ఉద్యోగం ఎలా?
– ఓ తల్లి, వరంగల్

జవాబు: అమ్మా, ‘నీకేం వచ్చు’ అన్నది మరీ పెద్ద ప్రశ్న. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలు ఇలాంటి అంతూపొంతూ లేని ప్రశ్నల దగ్గర తడబడతారు. పైగా చిన్నప్పటి నుంచి బళ్లో, థెరపీలో తనకు రానివాటి గురించే విని ఉంటాడు.

అడగడం మాని చూపించండి. తను పని చేస్తుంటే ఫోన్‌లో వీడియో తీసి, ఇద్దరూ కలిసి చూడండి. ‘వెరీగుడ్’ అంటే దేనికో అర్థం కాదు. ‘పుస్తకాలన్నీ నంబర్ల వరసలో సర్దావు, ఒక్కటీ తప్పలేదు’ అనండి. ఆ మాటను తన చేతే నోటుబుక్‌లో రాయించి, పక్కన ఫొటో అంటించండి. రేపు ఇంటర్వ్యూలో అదే చూపించొచ్చు. బంధువులు ఏమన్నా సరే, బస్సుల పిచ్చి మాన్పించకండి.

సెలవుల్లో తెలిసినవాళ్ల మందుల షాపులో రోజూ గంటసేపు ఎక్స్‌పైరీ తేదీలు చూసే పని ఇప్పించండి. చప్పుడు, లైట్లు, జనం... వీటిలో దేనికి ఇబ్బంది పడుతున్నాడో గమనించండి.

యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు తీసుకున్నారా? వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద ప్రభుత్వోద్యోగాల రిజర్వేషన్‌కు ఆటిజం ఉన్నవారూ అర్హులే.

నిద్ర, తిండి తగ్గినా, కాలేజీకి వెళ్లనన్నా, తనను తాను కొట్టుకున్నా ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుకు చూపించండి.