మెల్లగా విడుదలయ్యే ఆస్తమా మందు

ప్రశ్న: మాది భూపాలపల్లి. రెండు ఆస్తమా మందులు కలిపిన సూక్ష్మకణాలు వస్తే ఇన్‌హేలర్ పూటపూటా పీల్చక్కర్లేదా?

జవాబు: ఆశ అదే, కానీ అవి వచ్చేదాకా ఇన్‌హేలర్ మానకండి. ఆ రెండు మందుల్లో బుడెసొనైడ్ వాపు తగ్గిస్తుంది. ఫార్మోటెరాల్ నిమిషాల్లో శ్వాసనాళాలను వదులుచేసి దాదాపు 12 గంటలు పనిచేస్తుంది. వీటిని ఒంట్లో మెల్లగా కరిగిపోయే పాలిమర్‌లో పొదగాలన్నది ఆలోచన. చిక్కంతా కణం సైజులోనే ఉంది. మామూలు కణం 5 మైక్రాన్లు దాటితే చాలావరకు గొంతులోనే ఆగుతుంది. అంతకంటే చిన్నదై లోతుకు చేరితే, ఊపిరితిత్తుల్లోని రక్షక కణాలు మింగేస్తాయి. పెద్దదైనా బోలుగా, తేలిగ్గా ఉన్న కణం లోతుకు చేరుతుందని 1997లో అమెరికా పరిశోధకులు చూపారు. హఠాత్తుగా ఆయాసం వస్తే ఎలా అంటారా? అప్పుడు పీల్చినా పనిచేసేలా, కొంత మందు వెంటనే విడుదలయ్యేలా చేయాలి. మీ దగ్గరి సింగరేణి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల దుమ్ము మధ్య, కాస్త తెరిపిన పడగానే మందు ఆపేయడమే అసలు ముప్పు. పూటపూటా పీల్చక్కర్లేని మందు కోసం సాగే ఈ పరిశోధన విలువ అక్కడే ఉంది.