మానికెడు బియ్యము ఎన్ని గ్రాములు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెలలో రైతు ధాన్యమును క్వింటాళ్ల లెక్కన అమ్ముచున్నాడు. రేషను దుకాణములో బియ్యము కిలోల లెక్కన ఇచ్చుచున్నారు. ఇంటిలో ఎసటిలో పోయునది మాత్రము నేటికిని సోలెడు, తవ్వెడు, మానికెడే. మెట్రిక్ తూనికల శాసనము 1956లో వెలువడినది; 1958 అక్టోబరు 1వ తేదీన అమలు ఆరంభమైనది; 1962 ఏప్రిల్ నుండి కిలోగ్రాము నిర్బంధమైనది. అంగడి మారినది గాని వంటిల్లు మారలేదు.

ఇంటివంటకు ఇందువలన నష్టము లేదు. ఇల్లాలి చేతి అంచనాయే అక్కడ ప్రమాణము. పాఠశాలలోని మధ్యాహ్న భోజనము సంగతి వేరు. ప్రాథమిక తరగతుల బాలునికి దినమునకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అని నియమము కలదు. నియమము తూకములో నున్నది; వంటశాలలో నున్నది కొలపాత్ర.

లీటరు వేరు, కిలో వేరు

కొలత వస్తువు ఆక్రమించు చోటును తెలుపును. తూకము దాని బరువును తెలుపును. లీటరు నీరు కిలో తూగును. అదే పాత్ర నిండ బియ్యము పోసినచో, గింజల నడుమ ఖాళీ యుండుటచే, సుమారు 800 గ్రాములే తూగును. నూనె సుమారు 910 గ్రాములు తూగును. మెత్తని ఉప్పు కిలోకు మించును. గోధుమపిండి బియ్యము కంటె చాల తక్కువ తూగును.

అరువదిమంది పిల్లలకు 6 కిలోల బియ్యము కావలెను. లీటరునే కిలోగా భావించి ఆరు లీటర్లు కొలిచినచో, కుండలో పడునది 4 కిలోల 800 గ్రాములే. తగ్గిన 1,200 గ్రాములు పన్నెండుమంది పిల్లల పాలు. ఇందులో ఎవరి దురుద్దేశమును లేదు. అయినను పిల్లల ఆకలి తీరదు.

చేయవలసిన పని

తూనికలు, కొలతల శాఖ ముద్రగల త్రాసును పాఠశాలకు తీసికొని పొండు. ముందు ఖాళీ పాత్రను తూచి వ్రాసికొనుడు. పిమ్మట అంచు వరకు బియ్యము పోసి, కోలతో పైభాగమును సమముగా గీసి తూచుడు. గోపురముగా పోసినచో ఒకనాటి కొలత మరునాటికి సరిపడదు. మొత్తమునుండి పాత్ర బరువును తీసివేయుడు. ఇట్లు మూడు పర్యాయములు చేసి సగటు కట్టుడు.

పాత్రకు 1 కిలో 600 గ్రాములు వచ్చెననుకొందము. అప్పుడు 6 కిలోలకు మూడు నిండు పాత్రలు, నాలుగవది ముప్పాతిక కావలెను. పప్పునకు, ఉప్పునకు, నూనెకు వేర్వేరుగా తూచి, ఆ అంకెలను వంటశాల గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. దొడ్డుబియ్యమునకు బదులు సన్నబియ్యము వచ్చినను, పాత్ర మారినను మరల తూచవలెను.

ఒక ఊరి మానిక మరొక ఊరి మానికతో సరిపడదు గనుక, పొరుగూరి అంకెలను అరువు తెచ్చుకొనరాదు.

ఇది వంటచేయు తల్లులను శంకించుట కాదు, వారి చేతికి సరియైన ప్రమాణము నిచ్చుట. వారిని దగ్గర నుంచుకొనియే తూచుడు. ఒక్క పూట పనితో మీ యూరి ప్రతి బిడ్డకును తన వంతు అన్నము పళ్లెములోనికి వచ్చును.