కార్చిచ్చు సీమలో ఇంటి బీమా
(అధ్యయన పాఠము)

వాన కురిసిన పిమ్మట వీధిలోని పడుగును ఎత్తబోయి ప్రయోజనము లేదు. ఇంటి బీమా సంగతియు అట్టిదే. ఆపద రాకమునుపే దాని లెక్క తెలిసికొనవలెను. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున తెలుగువారు పెక్కుమంది స్థిరపడియున్నారు. మన నేత కుటుంబముల బిడ్డలును వారిలో గలరు. ఆ రాష్ట్రమున అడవుల చేరువ ఇల్లు గలవారికి ఇప్పుడు బీమా దొరకుటయే కష్టముగా నున్నది. ఎందువలన? చట్టము ఏమి చేసినది? దానిలో మనము నేర్వదగినదేమి? ఇది ఈ పాఠము.

1. ఉండి లెక్క

బీమా అనగా పలువురు కలిసి వేసుకొను ఉండి. నూరు ఇండ్లు గల ఒక నేత వాడను తీసికొందము. ఒక్కొక్క ఇంటి వెల 5 లక్షల రూపాయలు. ఏటికి ఒక ఇల్లు కాలుననుకొని, ఇంటికి 5 వేల రూపాయల వంతున వేసినచో 5 లక్షలు సమకూడును. నష్టపడినవాని ఇల్లు మరల నిలుచును. నిర్వహణ ఖర్చులకు మరికొంత చేర్చవలెను. ఇంతవరకు లెక్క సరిపోవును.

కాని ఒక రాత్రి పెనుగాలిలో నిప్పు లేచి 40 ఇండ్లను ఒక్కసారిగా కాల్చినచో కావలసినది 2 కోట్లు. ఉండిలో ఉన్నది 5 లక్షలు. ఇందు ఎవ్వరును మోసము చేయలేదు. ఆపద స్వభావమే వేరు. ఒక్కొక్క ఇంటికి విడివిడిగా వచ్చు ఆపద ఒక రకము. వాడ అంతటికి ఒకేసారి వచ్చు ఆపద మరియొక రకము. రెండవదానిని మోయవలెనన్న ఉండిని ఇతర ఊళ్ళకు విస్తరింపవలెను. మంచి యేండ్లలో నిల్వ చేయవలెను. పెద్ద కంపెనీల యొద్ద తాను తిరిగి బీమా తీసికొనవలెను. ఈ చివరిదానిని పునర్బీమా యందురు. ఇవి యన్నియు ఖర్చుతో కూడిన పనులు. కార్చిచ్చు ఈ రెండవ రకపు ఆపద.

2. ఒక పట్టణము, ఒక కంపెనీ

2018 నవంబరు 8న ఉత్తర కాలిఫోర్నియాలోని పారడైజు పట్టణము కార్చిచ్చు వాతబడెను. 85 మంది మరణించిరి. 18 వేలకు పైగా కట్టడములు నశించెను. అచ్చట పలువురికి పాలసీలు వ్రాసిన మెర్సెడ్ ప్రాపర్టీ అండ్ కాజువల్టీ అను చిన్న కంపెనీ ఆస్తి సుమారు 2 కోట్ల 30 లక్షల డాలర్లు. ఆ ఒక్క పట్టణమునకే అది చెల్లింపవలసినది సుమారు 6 కోట్ల 40 లక్షల డాలర్లు. నూరేండ్లు దాటిన ఆ కంపెనీ కొద్ది వారములలో మూతపడెను. దివాలా తీసిన కంపెనీల పాలసీదారులను ఆదుకొనుటకు తక్కిన కంపెనీల చందాలతో నడచు హామీ సంఘము ఒకటి ఆ రాష్ట్రమున నుండుటచే, దానిద్వారా కొంత పరిమితి వరకు చెల్లింపులు జరిగెను. మన ఉండి లెక్కయే ఇచ్చట నిజమైనది.

3. ధరకు చట్టము పెట్టిన కట్టుబాటు

1988 నవంబరులో కాలిఫోర్నియా ప్రజలు వోటు ద్వారా 103వ ప్రతిపాదనను చట్టముగా చేసికొనిరి. అది మొదలు ఇంటి బీమా ధర పెంచవలెనన్న బీమా కమిషనరు అనుమతి ముందుగా పొందవలెను. ఆ కమిషనరును ప్రజలే ఎన్నుకొందురు. పెంపు 7 శాతమునకు మించినచో, వినియోగదారులు కోరినపుడు బహిరంగ విచారణ జరుపవలెను. ఇష్టము వచ్చినట్లు ధర పెంచకుండ ఈ చట్టము సామాన్యుని కాపాడినది. అందు సందేహము లేదు.

అయితే ఆ చట్టము క్రింద ఏర్పడిన నిబంధనలలో 2024 వరకు ఒక చిక్కు ఉండెను. కార్చిచ్చు వంటి మహోపద్రవముల భారమును లెక్కకట్టునపుడు గడచిన 20 ఏండ్లకు తక్కువ కాని కాలపు నష్టముల సగటునే కంపెనీలు చూపవలసియుండెను. ముందు రాగల ప్రమాదమును అంచనా కట్టు శాస్త్రీయ గణనలకు తావు లేకుండెను. పునర్బీమా ఖర్చును ధరలో చేర్చుటకును వీలు లేకుండెను. ఇంతలో ఎండలు ముదిరినవి, అనావృష్టి పెరిగినది, కొండవాలులలోను అడవి అంచులలోను ఇండ్లు లేచినవి. నిన్నటి కొలతతో రేపటి నిప్పును కొలువవలసి వచ్చెను.

వ్యాపారిని ఫలాని ధరకే అమ్ముమని చట్టము చెప్పగలదు. అంగడి తెరచియే యుంచుమనుట అంత సులభము కాదు. 2023 మే నెలలో ఆ రాష్ట్రమున అందరికంటె ఎక్కువ ఇండ్లకు బీమా చేయు స్టేట్ ఫారమ్ కంపెనీ క్రొత్త దరఖాస్తులు తీసికొనుట మానివేసెను. 2024లో ఇండ్లు, అపార్టుమెంట్లు కలిపి సుమారు 72 వేల పాలసీలను మరల పొడిగింపబోమని ప్రకటించెను.

దీని బాధ ఎవరికి? బాకీ తీసికొని ఇల్లు కొన్నవానికి బ్యాంకు బీమా తప్పనిసరి చేయును. అతడు తీసికొననిచో బ్యాంకే అధిక ధరకు బీమా కొని ఆ సొమ్ము అతని ఖాతాకు వ్రాయును. బాకీ తీరిన వృద్ధులు బీమా లేకయే కాలము గడుపుదురు. అట్టివారి ఇల్లు కాలినచో జీవితకాలపు సంపాదన బూడిద యగును.

4. చివరి ఆశ్రయము

ఎచ్చటను దొరకనివారికి ఫెయిర్ ప్లాను అను ఏర్పాటు 1968 నుండి కలదు. ఇది ప్రభుత్వ ధనముతో నడచునది కాదు. రాష్ట్రమున ఆస్తి బీమా వ్యాపారము చేయు కంపెనీలన్నియు కలిసి మోయవలసిన ఉమ్మడి సంస్థ. దాని పాలసీ ముఖ్యముగా నిప్పు, పిడుగు, పొగ, లోపలి ప్రేలుడు వంటివానికే వర్తించును. దొంగతనము, నీటి గొట్టములు పగులుట వంటివానికి వేరొక పాలసీ కొనవలెను. 2020 నుండి 2024 వరకు దాని ఇంటి పాలసీలు రెట్టింపును మించి, సుమారు నాలుగున్నర లక్షలకు చేరెను. చివరి ఆశ్రయము కావలసినది పలువురకు మొదటి ఆశ్రయమైనది. ప్రమాదమంతయు ఒకే ఉండిలో పోగుపడెను.

2025 జనవరిలో లాస్ ఏంజలీసు ప్రాంతమున పాలిసేడ్స్, ఈటన్ మంటలు 16 వేలకు పైగా కట్టడములను కాల్చినపుడు ఆ ఉండి చాలలేదు. సభ్య కంపెనీలు 100 కోట్ల డాలర్లు అదనముగా చెల్లింపవలెనని ఫిబ్రవరిలో నిర్ణయమైనది. అందు సగము వరకు, కమిషనరు అనుమతితో, తమ పాలసీదారులనుండి కంపెనీలు రాబట్టుకొనవచ్చును. అనగా కొండమీది నిప్పు ఖర్చు మైదానమందలి గృహస్థునికిని వచ్చును.

5. క్రొత్త కట్టుబాట్లు

మొదటిది: 2018 నాటి చట్టము ప్రకారము గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించిన కార్చిచ్చు ప్రాంతమునను దాని ప్రక్క ప్రాంతములందును ఒక సంవత్సరముపాటు కార్చిచ్చు కారణముగా ఇంటి పాలసీలను తొలగింపరాదు.

రెండవది: 2022 నిబంధనల ప్రకారము ఇంటిని నిప్పునుండి కాపాడుకొను ఏర్పాట్లు చేసినవారికి ధర తగ్గింపవలెను. తమ ఇంటికి కంపెనీ కట్టిన ప్రమాదపు లెక్కను తెలిసికొని, దానిపై అప్పీలు చేయు హక్కు గృహస్థునికి కలదు.

మూడవది: 2024 డిసెంబరు నిబంధనలచే భావి ప్రమాద గణనలను, పునర్బీమా ఖర్చును ధరలో చేర్చుటకు అనుమతి లభించెను. బదులుగా కంపెనీలు ప్రమాద ప్రాంతములలో తమ రాష్ట్రవ్యాప్త వాటాలో 85 శాతమునకు సమముగా పాలసీలు వ్రాయుటకు క్రమముగా చేరుకొనవలెను. ఉదాహరణకు, రాష్ట్రమున నూటికి 20 ఇండ్లు గల కంపెనీ ఆ ప్రాంతములలో నూటికి 17 ఇండ్లయినను తీసికొనవలెను. ధర పెరుగును, కాని అంగడి తెరచియుండును. ఈ బేరము పేదవానికి ఎంతవరకు భరింపదగినదగునో కాలమే తేల్చవలెను.

6. గృహస్థుని పని

కార్చిచ్చులో పెక్కు ఇండ్లు పెనుమంట తాకి కాక, గాలిలో ముందుగా ఎగిరివచ్చు నిప్పురవ్వలచే అంటుకొనును. కావున నిప్పంటని పైకప్పు, రవ్వలు దూరని సన్నని జాలీలు, గోడ చుట్టు 5 అడుగుల మేర మండు వస్తువేదియు లేని నేల, 100 అడుగుల వరకు ఎండు పొదలు తీసివేయుట ముఖ్యము. ప్రక్క ఇంటివాడు చేయనిచో మన శ్రమ సగమే ఫలించును. వాడ అంతయు కలిసి చేయవలెను.

అచ్చట ఇల్లు కొనదలచిన మన బిడ్డలు బయానా ఇయ్యకమునుపే బీమా దొరకునా, ఏ ధరకు దొరకునా అని విచారింపవలెను.

7. మనకు

మన దేశమున 2021 ఏప్రిల్ 1 నుండి భారత్ గృహ రక్ష అను ఇంటి పాలసీ అమలులోనున్నది. నిప్పు, తుపాను, వరద, భూకంపములతోపాటు కార్చిచ్చును అందు చేరినది. కాని మన ఇల్లు ఇల్లు మాత్రమే కాదు, పని శాలయు. మగ్గము, నూలు, నేసిన బట్ట ఆ పాలసీ క్రిందికి వచ్చునో, వానికి వేరే వ్యాపార పాలసీ కావలెనో వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనవలెను. నోటిమాట నమ్మరాదు. ఒకే వాడలో మగ్గములన్నియు గల సంఘములు తమ సహాయ నిధిని మాత్రమే నమ్ముకొనియుండుట క్షేమము కాదు. ఒకేసారి అందరికి వచ్చు ఆపదకు ఒక ఊరి ఉండి చాలదు.

సంఘ సమావేశములలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన వాడలో ఒక రాత్రి పది ఇండ్లు కాలినచో మన సంఘ నిధి ఎన్ని ఇండ్లను నిలుపగలదు?
2. ధరను అదుపుచేయు చట్టము, బీమా దొరకునట్లు చేయు చట్టము — ఒకటి లేక రెండవది నిలుచునా?
3. నూలు గది, వంట పొయ్యి, విద్యుత్తు తీగల విషయమున మన వాడ అంతయు కలిసి వెంటనే చేయదగిన పనులెవ్వి?