లాప్‌టాప్ సౌండ్ బాలేదా? స్పీకర్లు మార్చే ముందు ఈ వరుసలో చెక్ చేయండి

మా చెల్లి గ్రూప్-2కి ప్రిపేర్ అవుతోంది. కోచింగ్‌కి వెళ్లకుండా హన్మకొండలో ఇంట్లోనే ఉండి, లాప్‌టాప్‌లో రికార్డెడ్ క్లాసులు చూసుకుంటుంది. ఒకరోజు తెలంగాణ ఉద్యమం నోట్స్ నాకు చూపించింది. అందులో ఉద్యమం మొదలైన ఏడాది 1929 అని ఉంది. అది 1969 కదా అంటే, "అన్నా, సార్ ఇరవై తొమ్మిది అన్నట్టే వినిపిస్తుంది" అంది. నేను కూడా ప్లే చేసి విన్నాను. నిజమే, ఫ్యాన్ తిరుగుతుంటే అరవైకి, ఇరవైకి తేడానే తెలియట్లేదు.

లాప్‌టాప్ నాలుగేళ్ల పాతది. దగ్గర్లోని షాపులో చూపిస్తే రెండు నిమిషాలు విని, "స్పీకర్లు పోయినయ్, మార్చాలె, 2,800 అయితది" అన్నారు. ఆల్మోస్ట్ ఓకే చెప్పేశాను. కానీ ఒక విషయం గుర్తొచ్చి ఆగాను. అంతకు నెల ముందు వరకు ఇదే లాప్‌టాప్‌లో సౌండ్ బాగానే ఉండేది. మధ్యలో జరిగింది ఒక్కటే, స్లో అయిందని విండోస్ ఫార్మాట్ చేయించాం.

చివరికి స్పీకర్లు మార్చాల్సిన అవసరమే రాలేదు. నేను చెక్ చేసిన వరుస ఇది. మీరు కూడా ఇదే వరుసలో వెళ్లండి, ఎందుకంటే ముందు ఫ్రీగా అయ్యేవి, తర్వాతే డబ్బులు పెట్టేవి.

1. ముందు తప్పు ఎక్కడుందో కనుక్కోండి

ఇంట్లో ఉన్న ఏదో ఒక వైర్డ్ ఇయర్‌ఫోన్ పెట్టి అదే వీడియో వినండి. ఇయర్‌ఫోన్‌లో కూడా అలాగే ఉంటే రికార్డింగే బాలేదు, లేదా సాఫ్ట్‌వేర్ సమస్య. ఇయర్‌ఫోన్‌లో క్లియర్‌గా ఉండి స్పీకర్లలో బాలేకపోతే, అప్పుడు స్పీకర్లనో, వాటి సెట్టింగ్స్‌నో అనుమానించాలి.

తర్వాత యూట్యూబ్‌లో ఫ్రీక్వెన్సీ స్వీప్ అని వెతికి, తక్కువ వాల్యూమ్‌లో ప్లే చేయండి. సన్నగా నుంచి కీచుగా వరకు ఒకే శబ్దం సాగుతుంది. మధ్యలో ఎక్కడైనా జర్ర్‌మని చప్పుడొస్తే స్పీకర్ పొర చిరిగిందో, లోపల ఏదైనా స్క్రూ వదులైందో అయి ఉండొచ్చు. మా లాప్‌టాప్‌లో ఎక్కడా జర్ర్‌మనలేదు. సౌండ్ పల్చగా ఉంది, అంతే. స్పీకర్ పోతే ఇలా ఉండదు కదా అని డౌట్ వచ్చింది.

2. డ్రైవర్: చాలామంది వదిలేసే పాయింట్

లాప్‌టాప్ స్పీకర్లు చాలా చిన్నవి. వాటి నుంచి కాస్త నిండుగా సౌండ్ రావడానికి, కంపెనీ వాళ్లు ఆ మోడల్‌కి తగ్గట్టు ట్యూనింగ్ చేసి డ్రైవర్‌తో పాటు ఇస్తారు. డాల్బీ, డీటీఎస్, వేవ్స్ లాంటి యాప్‌లు చాలా లాప్‌టాప్‌లలో చేసే పని ఇదే. ఫార్మాట్ చేశాక విండోస్ తన దగ్గరున్న మామూలు డ్రైవర్ వేసుకుంటే సౌండ్ వస్తుంది కానీ ఆ ట్యూనింగ్ ఉండదు.

చెక్ చేయడం ఈజీ. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ ఓపెన్ చేయండి. సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్ కింద చూడండి. అక్కడ రియల్‌టెక్ లాంటి పేరు లేకుండా హై డెఫినిషన్ ఆడియో డివైస్ అని మాత్రమే ఉంటే, మీది మామూలు డ్రైవర్. మాది అదే.

లాప్‌టాప్ వెనక ఉన్న మోడల్ నంబర్‌తో, ఆ కంపెనీ సపోర్ట్ పేజీలోకి వెళ్లి ఆడియో డ్రైవర్ డౌన్‌లోడ్ చేసుకోండి. దాంతో పాటు డాల్బీ లాంటి యాప్ ఉంటే అదీ వేసుకోండి. ఎక్కడెక్కడో దొరికే డ్రైవర్ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్లు మాత్రం వద్దు. ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ కొట్టాక మా చెల్లి వంటగదిలోంచే "ఇప్పుడు మంచిగ వినిపిస్తుంది" అంది. 2,800 అక్కడే మిగిలాయి.

3. రెండు సెట్టింగ్స్

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్, కింద మోర్ సౌండ్ సెట్టింగ్స్. ఇక్కడ కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్ ఉంటుంది. కాల్ ఉన్నప్పుడు మిగతా సౌండ్స్‌ని 80 శాతం తగ్గించమని డీఫాల్ట్‌గా పెట్టి ఉంటుంది. మీటింగ్ టైమ్‌లో వీడియో సౌండ్ సడెన్‌గా పడిపోతోందంటే కారణం ఇదే కావచ్చు. డూ నథింగ్ అని మార్చేయండి.

రెండోది లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్. ఇది చిన్న శబ్దాలను పెంచి, పెద్ద శబ్దాలను తగ్గించి అన్నింటినీ దగ్గరికి తెస్తుంది. క్లాసులకు సూపర్. పాటలకు, సినిమాలకు మాత్రం ఆఫ్ చేయండి, లేకపోతే మ్యూజిక్‌లో ఎత్తుపల్లాలే ఉండవు. కొన్ని కంపెనీల డ్రైవర్లలో ఈ ఆప్షన్ కనిపించదు, వాళ్ల యాప్‌లో డైలాగ్ లేదా వాయిస్ మోడ్ అని ఉంటే అది వాడండి.

4. ఈక్వలైజర్: పెంచడం కన్నా తగ్గించడం మేలు

ఈక్వలైజర్ ఏపీఓ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. దాని మీద పీస్ అనే ఇంకో ఫ్రీ యాప్ వేసుకుంటే స్లైడర్లతో సింపుల్‌గా వాడొచ్చు. అందరూ చేసే తప్పు ఏంటంటే, ముందు బేస్ పెంచేస్తారు. లాప్‌టాప్ స్పీకర్ 100 హెర్ట్జ్ దగ్గర పెద్దగా ఏమీ ఇవ్వలేదు. మీరు పెంచితే బేస్ రాదు, స్పీకర్ మాత్రం కష్టపడి సౌండ్ పగులుతుంది.

నేను పెట్టింది ఇది: 150 హెర్ట్జ్ కింద తగ్గించాను, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 3 డెసిబెల్స్ పెంచాను. మాటలో స్పష్టత ఎక్కువగా ఉండేది ఆ ఏరియాలోనే. ఎంత పెంచామో అంత ప్రీఆంప్ తగ్గించాలి, అంటే మైనస్ 3. అలా చేయకపోతే సిగ్నల్ లిమిట్ దాటి సౌండ్ పగులుతుంది. వాల్యూమ్ 200 శాతం చేస్తామనే బూస్టర్ ఎక్స్‌టెన్షన్లతో వచ్చే ప్రాబ్లమ్ కూడా ఇదే.

5. లాప్‌టాప్ ఎక్కడ పెట్టారు?

చాలా లాప్‌టాప్‌లలో స్పీకర్లు కింది వైపు ఉంటాయి. సౌండ్ టేబుల్‌కి తగిలి పైకి రావాలి. మంచం మీద, దిండు మీద పెడితే దుప్పటి దాన్ని మింగేస్తుంది. గట్టి అట్ట గానీ పెద్ద పుస్తకం గానీ కింద పెట్టి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది. స్పీకర్ జాలీలో దుమ్ముంటే మెత్తటి పొడి బ్రష్‌తో మెల్లగా దులపండి. పిన్నుతో పొడవొద్దు, నీళ్లు అసలే వద్దు.

6. ఇప్పుడు డబ్బులు పెట్టాలంటే

ముందుగా వైర్డ్ ఇయర్‌ఫోన్. 500 నుంచి 1,500 మధ్యలో మంచి ఐఈఎమ్‌లు దొరుకుతున్నాయి. ఈ బడ్జెట్‌లో సౌండ్‌కి ఇంతకన్నా పెద్ద అప్‌గ్రేడ్ లేదు. అయితే బాక్సులో వచ్చే మూడు సైజుల రబ్బరు టిప్స్ అన్నీ ట్రై చేయండి. చెవిలో సరిగ్గా సీల్ కాకపోతే బేస్ మొత్తం బయటికి పోతుంది. బేస్ లేదని రిటర్న్ చేసే ముందు టిప్ మార్చి చూడండి.

రెండు, యూఎస్‌బీ డాంగిల్. ఇయర్‌ఫోన్ జాక్‌లో సన్నగా జుయ్‌మని వినిపిస్తుంటే చార్జర్ తీసి చూడండి. తీయగానే పోతే ఆ నాయిస్ కరెంట్ వైపు నుంచి వస్తున్నట్టు. జాక్ పాడైనా, లోపలి నుంచి నాయిస్ వస్తున్నా, వెయ్యి లోపు డాంగిల్‌తో చాలాసార్లు సరిపోతుంది. కొనేటప్పుడు అందులో డాక్ చిప్ ఉందని రాసి ఉందో లేదో చూసుకోండి. చిప్ లేని చవక డాంగిల్స్ చాలా లాప్‌టాప్‌లలో పని చేయవు.

మూడు, స్పీకర్లు. బాక్స్ మీద పీఎంపీఓ నంబర్ చూసి మోసపోవద్దు, ఆర్ఎంఎస్ చూడండి. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 5 వోల్టులు, 500 మిల్లీఆంప్‌లు, అంటే 2.5 వాట్లు. ఆ పోర్ట్ మీదే నడిచే స్పీకర్ 20 వాట్లు అని రాసుకుంటే నవ్వుకుని వదిలేయండి. పవర్‌కి యూఎస్‌బీ, సౌండ్‌కి ఆక్స్ రెండూ లాప్‌టాప్‌కే పెడితే నాయిస్ రావొచ్చు. అప్పుడు యూఎస్‌బీ వైరుని ఫోన్ చార్జర్‌కి పెట్టి చూడండి.

బ్లూటూత్ వాడేవాళ్లకి ఒక మాట. కాల్‌లో హెడ్‌సెట్ మైక్ ఆన్ అవగానే సౌండ్ పాత ల్యాండ్‌లైన్‌లా అయిపోతుంది కదా? హెడ్‌సెట్ చెడిపోలేదు. మామూలు బ్లూటూత్‌లో మైక్ కూడా వాడితే తక్కువ క్వాలిటీ మోడ్‌కి మారుతుంది. మైక్‌గా లాప్‌టాప్‌దే సెలెక్ట్ చేసుకోండి, సౌండ్ మళ్లీ మామూలుగా వస్తుంది.

చివరగా

మా లెక్క ఇది: డ్రైవర్, సెట్టింగ్స్, ఈక్వలైజర్ అన్నీ ఫ్రీ. రాత్రి పూట చదువుకోవడానికి చెల్లికి 700 పెట్టి వైర్డ్ ఇయర్‌ఫోన్ కొన్నాం. లాప్‌టాప్ ఏమీ హోమ్ థియేటర్ అయిపోలేదు, బేస్ ఇప్పటికీ అంతంతమాత్రమే. కానీ సార్ అరవై అంటే అరవై అనే వినిపిస్తోంది. తను మాత్రం పాత నోట్స్‌లో ఏడాదులన్నీ పుస్తకంతో పోల్చి మళ్లీ దిద్దుకుంది, ఇంకో రెండు తప్పులు దొరికాయి.

ఇయర్‌ఫోన్ పెట్టుకుని గంటలు గంటలు చదివేవాళ్లు వాల్యూమ్ కూడా చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లిమిట్ 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. సౌండ్ క్లియర్‌గా ఉంటే వాల్యూమ్ ఎక్కువ పెట్టాల్సిన పని ఉండదు. కాబట్టి ఎవరైనా స్పీకర్లు పోయాయి అంటే, జేబులో చెయ్యి పెట్టే ముందు ఒక్కసారి డివైస్ మేనేజర్ ఓపెన్ చేసి చూడండి.