అటకెక్కిన చట్టం దిగొస్తే

పునాది తవ్వుతుంటే చిన్న మట్టికుండ బయటపడింది. లోపల బంగారు నాణేలు. మేస్త్రీ, ఇద్దరు కూలీలు, ఇంటాయన అక్కడికక్కడే పంచేసుకున్నారు. కూలీ ఒకతను తన వాటా అమ్మబోయేసరికి విషయం పోలీసుల దాకా వెళ్లింది. ఆ ఇంటాయన నా దగ్గరికొచ్చి అన్న మొదటి మాట: "తెల్లదొరల నాటి చట్టం కదండీ, ఇప్పుడెవరు పాటిస్తున్నారు?"

ఈ ఏడాది ఈ మాట వినడం నాకు నాలుగోసారి. చట్టాలు వేరు, పొరపాటు ఒకటే.

ఏళ్ల తరబడి వాడుక తప్పి చట్టం తనంతట తానే చెల్లకుండా పోవడాన్ని మా లాయర్ల భాషలో డెస్యూట్యూడ్ అంటారు. స్కాట్లాండ్‌లో 1707కు ముందు నాటి పాత చట్టాలకు ఇది వర్తిస్తుంది, ఇంగ్లండ్ ఒప్పుకోదు. మన సుప్రీంకోర్టు 1982లో కుదరదంది. 1995లో పుణె కార్పొరేషన్, భారత్ ఫోర్జ్ కేసులో ఒప్పుకుంది గానీ గట్టి షరతు పెట్టింది. చట్టం చాలాకాలం అమలు కాకపోతే చాలదు, దానికి విరుద్ధమైన పద్ధతి కూడా చాలాకాలంగా నడుస్తూ ఉండాలి. మళ్లీ చెబుతున్నాను, ఎవరూ వాడకపోవడం ఒక్కటే చాలదు.

ఇక ఇంటాయన అన్న ఆ తెల్లదొరల నాటి చట్టం, అంటే 1878 నాటి నిక్షేపాల చట్టం, రద్దు కాలేదు. పది రూపాయల విలువ దాటిన నిక్షేపం దొరికితే ఏమిటి, ఎంత, ఎక్కడ, ఎప్పుడు దొరికిందో కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి, ట్రెజరీలో జమచేయాలి లేదా అడిగినప్పుడు అప్పగిస్తానని పూచీకత్తు ఇవ్వాలి. దాస్తే దొరికినవారి వాటా ప్రభుత్వపరం. పైగా ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. దాచడానికి తోడ్పడ్డ స్థలం యజమానికి ఆరు నెలల దాకా జైలు పడొచ్చు.

చెప్పి ఉంటే? పాతిపెట్టినవారి తాలూకు హక్కుదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు మూడు వంతులు దొరికినవారికి, ఒక వంతు స్థలం యజమానికి. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. చేతికొచ్చే సొమ్మును చేజేతులా పోగొట్టుకున్నారు.

ఇంటాయన ముందే ఒక రెవెన్యూ ఉద్యోగిని అడిగాడట. "ఆ చట్టం ఎప్పుడో పోయింది" అన్నాడట ఆయన. పుస్తకం తెరవకుండా ఇలా చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కోర్టు మెట్లెక్కేది ఆయన కాదు కదా!

నోటిమాట నమ్మకండి. చట్టం ఉందో లేదో ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో చూడండి, లేదా 15100కి ఫోన్ చేసి ఉచిత న్యాయసాయం అడగండి. రద్దయినట్టు కాగితం కనబడేదాకా ఆ చట్టం అమల్లో ఉన్నట్టే లెక్క. కలెక్టరుకు అర్జీ ఇస్తే రసీదు తీసుకోవడం మరవకండి.

నా క్లయింటు తన దగ్గరున్న నాణేలు అప్పగించాడు. కేసు నడుస్తోంది.